ఇంజను ఆపితేనే తిమింగలం

శ్రీలంక దక్షిణ తీరంలో మిరిస్సా రేవు. అక్కణ్నుంచి తెల్లవారుజామున తొమ్మిది మందితో బయల్దేరిన ఓ చిన్న పడవ. అందులో విశాఖపట్నం నుంచి వెళ్లినవాళ్లు నలుగురు. నీలి తిమింగలాన్ని చూడాలని వెళ్లిన వాళ్లకి ఆ పూట సముద్రం ఇంకో సంగతి కూడా చూపించింది!

భూమ్మీద ఇప్పటిదాకా పుట్టిన జీవుల్లో, మనకు తెలిసినంతవరకూ, అన్నిటికన్నా బరువైనది నీలి తిమింగలం. అంటార్కిటికా వైపు తిరిగేవి వంద అడుగుల దాకా పెరుగుతాయి. మన హిందూ మహాసముద్రంలో ఉండేవి కాస్త చిన్నవి. చిన్నవంటే మరీ అంత చిన్నవేం కాదు... రెండు ఆర్టీసీ బస్సుల్ని ఒకదాని వెనకాల ఒకటి నిలబెడితే ఎంత పొడవో అంత! పుట్టినప్పుడే పిల్ల ఏడు మీటర్లుంటుంది.

ఇంత పెద్ద ప్రాణిని చూడ్డానికి మంచు ఖండాలకు వెళ్లక్కర్లేదు. చెన్నైలో విమానమెక్కితే గంటన్నరలో కొలంబో. అక్కణ్నుంచి దాదాపు 150 కిలోమీటర్లు రోడ్డు మీద వెళితే మిరిస్సా. ఒకప్పుడు చేపల వేటే బతుకుగా ఉన్న ఊరు. 2004 డిసెంబరు 26న సునామీ దెబ్బ తిన్న తీరాల్లో అదీ ఒకటి. 2009లో అంతర్యుద్ధం ముగిశాక పర్యటకుల రాక పెరిగింది. ఇప్పుడు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ రేవులో తెల్లారేసరికి తిమింగలాల పడవలు బారులు తీరి ఉంటాయి.

వాటిలో రెండంతస్తుల పెద్ద పడవలుంటాయి. ఒక్కోదాంట్లో పదుల కొద్దీ జనం. పక్కనే పది పన్నెండు మందికి మించి ఎక్కించుకోని చిన్న పడవలూ కొన్ని ఉంటాయి. విశాఖ కుటుంబం ఎక్కింది అలాంటి చిన్నదాన్నే.

సరంగుగారి కోరిక

నలుగురిలో పెద్దాయన విశాఖ పోర్టులో టగ్గు మీద ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి సరంగుగా రిటైరయ్యారు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు కాలువలోంచి పెద్ద పెద్ద ఓడల్ని లోపలికి లాక్కురావడం, మళ్లీ బయటికి సాగనంపడం... ఇదే ఆయన ఉద్యోగం. అన్నేళ్లు సముద్రం మీద ఉన్నా బతికున్న తిమింగలాన్ని ఒక్కసారీ చూడలేదు. చూసిందల్లా ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాన్నే. మన తీరంలో తిమింగలం వార్తయ్యేది ఎక్కువగా అలాగే కదా! 2023 జులైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరానికి ఒకటి అలా కొట్టుకొస్తే చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వెళ్లాయి.

'ఒక్కసారి ఊపిరి తీసే తిమింగలాన్ని చూడాలమ్మా' అని ఆయన కూతురితో ఎప్పట్నుంచో అంటున్నారు. కూతురు డబ్బు కూడబెట్టి టికెట్లు తీసింది. తల్లినీ, పదేళ్ల తన కూతుర్నీ కూడా తీసుకెళ్లింది. ఉన్నది నాలుగు రోజులు. పడవెక్కడానికి కుదిరింది ఒక్క పూటే. మర్నాడు సాయంత్రానికి తిరుగు విమానం.

మిగతా అయిదుగురూ ఎవరంటే... జర్మనీ నుంచి వచ్చిన భార్యాభర్తలు, కొలంబోలో చదువుకుంటున్న ఇద్దరమ్మాయిలు, పొడవాటి లెన్సు ఉన్న కెమెరాతో చెన్నై కుర్రాడు ఒకడు. పడవ నడిపేది యాభై దాటిన మాజీ జాలరి. విషయాలు చెప్పేది ఆయన కొడుకు. సునామీకి ముందు ఆ తండ్రికి వేట పడవ ఉండేది. అలలు దాన్ని ఎత్తుకెళ్లి కొబ్బరితోటలో పడేశాయి. ముక్కలైంది. తిమింగలాలు తన ఇంటికి అన్నం పెడతాయని ఆయన అప్పట్లో అనుకుని ఉండరు.

ఆరున్నరకి రేవు దాటారు. అమ్మమ్మ ముందే అందరికీ అవొమిన్ మాత్రలు వేయించింది. చేతిలో నిమ్మకాయ, ఒళ్లో పులిహోర డబ్బా. 'ఏటో, ఈయన నలభయ్యేళ్లు నీళ్ల మీదే తిరిగి ఇప్పుడు నన్ను కూడా తిప్పుతున్నాడు' అని సణుగుతూనే లైఫ్ జాకెట్ బిగించుకుంది. కొలంబో అమ్మాయిలకు అర్థం కాకపోయినా నవ్వారు.

ఇక్కడే ఎందుకు?

మిరిస్సాకు దగ్గర్లోనే దొండ్రా అగ్రం ఉంది. శ్రీలంకకు దక్షిణపు కొస అదే. అక్కణ్నుంచి తిన్నగా దక్షిణానికి వెళితే మళ్లీ నేల తగిలేది అంటార్కిటికాలోనే! చాలా తీరాల్లో సముద్రం ఒడ్డు నుంచి పదుల కిలోమీటర్ల దాకా మెరకగానే ఉంటుంది. ఇక్కడ అలా కాదు. కొన్ని కిలోమీటర్లు వెళ్లేసరికే అడుగు ఒక్కసారిగా జారిపోయి లోతు వచ్చేస్తుంది. ఆ లోతుల్లోంచి పోషకాలున్న నీళ్లు పైకి వస్తాయి. వాటితో నాచు పెరుగుతుంది. నాచును తిని చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవాలు పెరుగుతాయి. వాటిని తినడానికి తిమింగలాలు వస్తాయి.

మామూలుగా నీలి తిమింగలాలు చల్లటి సముద్రాల్లో తిని, పిల్లల్ని కనడానికి వెచ్చటి నీళ్లలోకి వలస వస్తాయని పుస్తకాల్లో ఉండేది. వెచ్చటి నీళ్లలో అవి పెద్దగా తినవనీ అనుకునేవారు. శ్రీలంకకు చెందిన శాస్త్రవేత్త ఆషా డి వోస్ 2003లో ఒక పరిశోధన నౌక మీద వెళుతూ ఈ సముద్రంలో నీలి తిమింగలాల గుంపును చూశారు. వాటి పక్కన నీటి మీద ఎర్రటి తెట్టు తేలుతోంది. అదేంటో తెలుసా? తిమింగలం పెంట! పెంట ఉందంటే అక్కడ తింటున్నట్టేగా. ఆ ఎర్రరంగు ఆహారంలోని రొయ్య జాతుల నుంచి వచ్చిందే. అలా మొదలైన ఆమె పరిశోధనతో తేలిందేమంటే, ఈ తిమింగలాలు చల్లటి సముద్రాలకు వలస పోవు. ఏడాది పొడవునా ఉష్ణమండలపు నీళ్లలోనే ఉంటాయి. తిండీ, కాన్పూ అన్నీ ఇక్కడే. లోకంలోని మిగతా నీలి తిమింగలాల దారి వేరు, వీటి దారి వేరు.

గైడు కుర్రాడు ఇదంతా చెబుతుంటే మనవరాలు పెంట దగ్గర ఆగిపోయింది. 'తాతయ్యా, పెంట చూసి సైంటిస్టు అయిపోవచ్చా?' అంది. 'ఏది చూసినా అయిపోవచ్చమ్మా, శ్రద్ధగా చూస్తే' అన్నారాయన.

రెండు గంటలు... ఖాళీ సముద్రం

ఎనిమిదిన్నర అయింది. డాల్ఫిన్లు ఒకసారి గుంపుగా పడవ ముందు గంతులేసి వెళ్లాయి. ఎగిరే చేపలు కనబడ్డాయి. తాబేలు ఒకటి తల ఎత్తి చూసి మునిగిపోయింది. తిమింగలం జాడ మాత్రం లేదు. జర్మనీ ఆయన కళ్లు మూసుకుని పడవ అంచు పట్టుకున్నారు. అమ్మమ్మ ఆయన చేతిలో నిమ్మకాయ పెట్టింది.

అంతలో రేడియోలో సింహళంలో ఏవో కేకలు. పడమర వైపు ఒకటి కనబడిందట! చూస్తుండగానే చుట్టూ ఉన్న పెద్ద పడవలన్నీ ఒక్కసారిగా అటు తిరిగాయి. నల్లపొగ కక్కుకుంటూ ఆరేడు పడవలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పరుగు. ఈ చిన్న పడవ నడిపే ఆయన మాత్రం చుక్కాని తిప్పలేదు. పైగా వేగం తగ్గించారు.

చెన్నై కుర్రాడికి కోపమొచ్చింది. 'అందరూ వెళుతుంటే మనమెందుకు ఆగాం? ఇంత డబ్బు పెట్టి వచ్చింది నీళ్లు చూడ్డానికా?' అని గట్టిగానే అడిగాడు. అతడి బాధలోనూ న్యాయం ఉంది. మిగతావాళ్ల మనసులో మాట కూడా అదే. కూతురు తండ్రి ముఖం వంక చూసింది. ఉన్నది ఈ ఒక్క పూటే కదా!

గైడు ఓపిగ్గా చెప్పాడు. శ్రీలంకలో 2012లో వచ్చిన నిబంధనల ప్రకారం తిమింగలానికి వంద మీటర్లకన్నా దగ్గరకు పడవ వెళ్లకూడదు. కాగితం మీద ఉన్నది నీటి మీద అన్నిసార్లూ జరగదు. ఒక తిమింగలం పైకి వస్తే ఏడెనిమిది పడవలు చుట్టుముడతాయి. తిమింగలం మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీల్చే జంతువు. లోపల పది పదిహేను నిమిషాలు ఉండి పైకి వచ్చి, వరసగా కొన్నిసార్లు శ్వాస తీసుకుంటుంది. ఆ కాసేపే దానికి విశ్రాంతి. అప్పుడు పడవలు మీద పడితే రెండు మూడు శ్వాసలకే మళ్లీ మునిగిపోతుంది. ఊపిరి చాలక తక్కువసేపు లోపల ఉంటుంది. తక్కువసేపు ఉంటే తక్కువ తింటుంది. రోజూ ఇదే అయితే?

'అది అటు వెళ్లడం లేదు. మునిగినప్పుడు దాని తల తూర్పు వైపే ఉందని వాళ్లే రేడియోలో చెబుతున్నారు. మనం ఇంజను ఆపి ఇక్కడే కూర్చుంటే ఇటే రావచ్చు. రాకపోనూవచ్చు. వెళదామంటే వెళదాం, దూరంగా నిలబడి ఆ పడవల వెనక నుంచి చూడొచ్చు. మీ ఇష్టం' అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. చివరికి సరంగుగారే నోరు విప్పారు. 'నీళ్లలో ఉన్నవాటికి ఇంజను చప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. టగ్గు అడుగున గదిలో పడుకుంటే పక్కన పోయే ఓడ ప్రొపెల్లరు మన పళ్లలో మోగుతుంది. ఆపండి. కూర్చుందాం' అన్నారు.

ఇంజను ఆగింది.

నిశ్శబ్దంలో ఒక ఊపిరి

ఇంజను ఆగిన పడవ నడిచే పడవకన్నా ఎక్కువ ఊగుతుంది. కడుపులో తిప్పుతుంది. ఎండ నెత్తి మీదికొచ్చింది. పది నిమిషాలు... పదిహేను... ఇరవై. చెన్నై కుర్రాడు కెమెరా సంచిలో పెట్టేశాడు. మనవరాలు నోటుబుక్కులో ఒక పేజీని రెండు గళ్లు చేసి, ఒకవైపు తిమింగలాలు, ఇంకోవైపు ఓడలు అని రాసుకుంది. ఓడల గడిలో అప్పటికే గీతలు పడుతున్నాయి. తిమింగలాల గడి ఖాళీ.

అప్పుడు వినిపించింది ముందు. ప్రెషర్ కుక్కర్ మూత ఒక్కసారిగా వదిలినట్టు ఒక చప్పుడు. అందరూ అటు తిరిగేసరికి నూట యాభై మీటర్ల దూరంలో తెల్లటి ఆవిరి స్తంభం... మూడంతస్తుల మేడంత ఎత్తు. గాలికి అది చెదిరిపోతుండగా కింద బూడిదరంగు నీలం వీపు జారుతోంది. జారుతోంది. ఇంకా జారుతోంది. ఎంతకీ అయిపోదే! చిట్టచివర్న, ఇంత పెద్ద ఒంటికి ఏం సరిపోతుంది అన్నట్టు చిన్న రెక్క ఒకటి కనబడి మునిగింది.

మళ్లీ ఊపిరి. మళ్లీ వీపు. పడవలో ఎవరూ కేకలు వేయలేదు. అమ్మమ్మ రెండు చేతులూ జోడించింది. కొలంబో అమ్మాయిలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. సరంగుగారు టోపీ తీసేసి నిలబడ్డారు. ఏడుసార్లు ఊపిరి తీసింది. ఏడుసార్లూ ఆయన పెదాలు లెక్కపెట్టడం కూతురు చూసింది.

ఎనిమిదోసారి వీపు బాగా వంగింది. గైడు 'ఇప్పుడు!' అన్నాడు మెల్లగా. నీళ్లు కారుతూ తోక పైకి లేచింది. నాలుగైదు మీటర్ల వెడల్పున రెండు రెక్కలు ఆకాశానికి ఎదురుగా ఒక్క క్షణం నిలబడి, చప్పుడు లేకుండా నీళ్లలోకి దిగిపోయాయి. నీలి తిమింగలాలన్నీ మునిగేటప్పుడు తోక ఎత్తవు. ఈ సముద్రంలోవి తరచూ ఎత్తుతాయి. అది దిగినచోట నీటి మీద నూనె పోసినట్టు నున్నటి వలయం ఒకటి మిగిలింది.

చెన్నై కుర్రాడి చేతిలోకి కెమెరా ఎప్పుడొచ్చిందో అతడికే తెలియదు. తోక బొమ్మ దొరికింది. తెర మీద పెద్దది చేసి చూపించాడు. కుడివైపు రెక్క అంచున చిన్న నొక్కు. 'మనిషికి వేలిముద్ర ఎలాగో, తిమింగలాలకు తోక అంచులూ వీపు మీద మచ్చలూ అలాగ. శాస్త్రవేత్తలు వీటిని చూసే ఏది ఏదో పోల్చుకుంటారు' అన్నాడు గైడు.

ఎదురుగా ఓడ

అప్పటిదాకా ఎవరూ పట్టించుకోనిది సరంగుగారికి కనబడింది. తూర్పు నుంచి ఒక కంటెయినర్ ఓడ వస్తోంది. మూడొందల మీటర్ల పైచిలుకు పొడవు. కంటెయినర్లు అపార్టుమెంటులా పేర్చి ఉన్నాయి. తిమింగలం తోక ఎత్తి దిగింది సరిగ్గా ఆ ఓడ వచ్చే దారి వైపే!

దొండ్రా దక్షిణాన పోయే ఓడల దారి ప్రపంచంలో బాగా రద్దీగా ఉండే దారుల్లో ఒకటి. చైనా, సింగపూర్ వైపు నుంచి సూయజ్ మీదుగా ఐరోపాకు పోయే సరుకంతా దాదాపు ఇటే వెళ్లాలి. మన విశాఖ నుంచి పడమటి దేశాలకు పోయే ఓడలైనా శ్రీలంకను చుట్టి ఇదే దారి పట్టాలి. తిమింగలాలు తిండి వెతుక్కునే చోటూ, ఓడలు పోయే దారీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 2012 మార్చిలో కొలంబో రేవులోకి వచ్చిన ఒక ఓడ ముక్కుకు అడ్డంగా చచ్చిన నీలి తిమింగలం వేలాడుతూ వచ్చింది. గుద్దిన సంగతి ఓడలో ఉన్నవాళ్లకు తెలియలేదు. చాలా కళేబరాలు అలా పైకి కూడా కనబడవు. మునిగిపోతాయి.

'అంత పెద్దది కదా, ఓడ వస్తుంటే తప్పుకోలేదా?' అని కూతురు అడిగింది. కాలిఫోర్నియా తీరంలో పరికరాలు అతికించి నీలి తిమింగలాలను గమనించిన శాస్త్రవేత్తలు 2015లో దీనికి జవాబు చెప్పారు. ఓడ దగ్గరికొచ్చినా అవి పక్కకు తప్పుకోవట్లేదు. మెల్లగా కిందికి దిగుతాయి, అంతే. పెద్దగా శత్రువు లేని జాతికి పరుగెత్తి తప్పుకోవడం అలవాటు లేదు మరి.

ఓడ తప్పుకోలేదా అన్న ప్రశ్నకు జవాబు సరంగుగారికి ఏ శాస్త్రవేత్తా చెప్పక్కర్లేదు. 'వాడు పద్దెనిమిది నాట్లలో వస్తున్నాడు. ఇప్పుడు ఇంజను ఆపినా కిలోమీటర్ల దూరం పోయిగానీ ఆగడు. అంత ఎత్తున బ్రిడ్జి మీద నిలబడినవాడికి ముక్కు కిందేముందో కనబడదు' అన్నారు. పడవ నడిపే ఆయన రేడియోలో 16వ చానెల్ మీద పిలిచారు. జవాబు రాలేదు. వచ్చినా చెయ్యడానికి పెద్దగా ఏమీ లేదు. అయిదారు నిమిషాల్లో ఆ ఉక్కుగోడ వాళ్ల ముందు నుంచి, మైలు దూరంలో, నున్నటి వలయం ఉన్న వైపున దాటిపోయింది. దాని అలలు కాసేపటికి వచ్చి చిన్న పడవను ఊయల ఊపాయి.

తిమింగలం మునిగి ఆరు నిమిషాలు. ఎనిమిది. పది.

ఇంతకుముందు తిమింగలం కోసం ఎదురుచూసిన తొమ్మిది మందే. చూసే సముద్రమూ అదే. కానీ ఇప్పటి ఎదురుచూపు వేరు. మనవరాలు అమ్మమ్మ కొంగు పట్టుకుంది. సరంగుగారు కూర్చోలేదు. తన చేతుల్తో ఎన్ని వందల ఓడల్ని కాలువ దాటించి ఈ సముద్రంలోకి పంపారో! వాటిలో ఎన్ని ఇటు వచ్చాయో! ఆయన ఏమీ అనలేదు. కూతురికి మాత్రం నాన్న ఏం ఆలోచిస్తున్నారో అర్థమైంది.

పన్నెండు. పదమూడు.

పద్నాలుగో నిమిషంలో ఓడ వదిలివెళ్లిన నురగ దారికి అవతల, చాలా దూరాన, ఒక తెల్లటి ఆవిరి.

'అదేనా? వేరేదా?' ముందు అడిగింది చెన్నై కుర్రాడే. ఎవరూ చెప్పకుండానే లెన్సు అటు తిప్పి నిలబడ్డాడు. ఈసారి దగ్గరకు వెళదామని అతడు అనలేదు. ఆవిరి అయిదుసార్లు లేచింది. ఆరోసారి తోక పైకొచ్చింది. అతడు వరసగా బొమ్మలు తీసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూశాడు. తోక వేలెడంత కూడా లేదు. పెద్దది చేశాడు. కుడివైపు అంచున నొక్కు!

అప్పుడు అరిచారు అందరూ. జర్మనీ ఆయన కడుపులో తిప్పటం మరిచిపోయి అమ్మమ్మకి చెయ్యి కలిపారు. పులిహోర డబ్బా మూత తెరుచుకున్నది కూడా అప్పుడే.

దారి మార్చిన ఓడలు

తిరుగు ప్రయాణంలో గైడు ఇంకో మంచి సంగతి చెప్పాడు. ఓడల దారిని 15 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 28 కిలోమీటర్లు, దక్షిణానికి జరిపితే తిమింగలాలను గుద్దే ప్రమాదం 95 శాతం తగ్గుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. ప్రపంచంలో పెద్ద ఓడల సంస్థల్లో ఒకటైన ఎం.ఎస్.సి. 2022లో తన ఓడల్ని స్వచ్ఛందంగా ఆ మేరకు దక్షిణంగా మళ్లించింది. ఖండాలు దాటే ప్రయాణంలో ఆ కాస్త చుట్టు ఓ లెక్కలోది కాదు.

మనిషి తల్చుకుంటే ఆపగలడనడానికి చరిత్రలోనే ఉదాహరణ ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో ప్రపంచమంతా కలిసి మూడు లక్షలకు పైగా నీలి తిమింగలాలను వేటాడింది. 1960ల్లో సోవియట్ వేట నౌకలు ఉత్తర హిందూ మహాసముద్రంలోనే వెయ్యికి పైగా చంపాయి. 1966లో వీటి వేటను అంతర్జాతీయంగా నిషేధించారు. 1979లో హిందూ మహాసముద్రాన్ని తిమింగలాల అభయారణ్యంగా ప్రకటించారు. వేట ఈటెలు పోయాయి. ఇప్పుడు చంపేవాళ్లెవరూ పనిగట్టుకుని చంపడం లేదు. సరుకులు మోసే ఓడ, చేపలకు వేసిన వల, ముచ్చటపడి చూడ్డానికి వెళ్లే పడవ... అన్నీ ఎవరి పని మీద వాళ్లు వెళుతున్నవే. అందుకే ఆపడం కష్టం.

'మా ఊరివాళ్లు వస్తే ఎలాంటి పడవ ఎక్కమని చెప్పాలి బాబూ?' అని అమ్మమ్మ కూతురి చేత అడిగించింది. గైడు వేళ్లు మడిచి చెప్పాడు. డబ్బు కట్టేముందే ఎంతమందిని ఎక్కిస్తారో అడగాలి. లైసెన్సు ఉందా, అందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా చూసుకోవాలి. వంద మీటర్ల నియమం పాటిస్తారా అని అడగాలి. 'చాలా దగ్గరగా చూపిస్తాం' అని గొప్పలు పోయేవాళ్ల పడవ ఎక్కకూడదు. తిమింగలంతో ఈతకొట్టిస్తామన్నా ఒప్పుకోకూడదు. మాత్ర బయల్దేరడానికి అరగంట ముందే వేసుకోవాలి. ఖాళీ కడుపుతో ఎక్కకూడదు, నిండా తినీ ఎక్కకూడదు. ఒక పూట కనబడకపోవచ్చు కాబట్టి వీలైతే రెండు పూటలు ఉండేలా రావాలి. అన్నిటికన్నా ముఖ్యం... పడవ నడిపేవాడిని 'ఇంకా దగ్గరికి పోనీ' అని తొందరపెట్టకూడదు. వాడి సంపాదన మీ మెప్పు మీదే ఆధారపడి ఉంటుంది. మీరు దూరం చాలంటే వాడూ దూరంగానే ఆపుతాడు.

పన్నెండింటికి రేవు చేరారు. పెద్ద పడవల్లో వెళ్లినవాళ్లు కూడా దిగుతున్నారు. ఏడు పడవలు వెంటపడిన తిమింగలం వాళ్లకి రెండు శ్వాసల సేపు కనబడిందట. తోక ఎత్తలేదట.

సరంగుగారు పడవ నడిపిన ఆయన దగ్గరకు వెళ్లి చెయ్యి పట్టుకున్నారు. ఆయనకి సింహళం తప్ప రాదు. ఈయన ఇంగ్లిషు అంతంతమాత్రం. 'ఇంజన్... ఆఫ్. గుడ్' అన్నారు సరంగుగారు. అవతలాయన తలూపి నవ్వారు.

ఆ రాత్రి హోటల్ గదిలో మనవరాలు నోటుబుక్కు తీసి పేజీ కింద కూడికలు వేసింది. తిమింగలాలు ఒకటి. ఓడలు ఇరవై మూడు.